సప్తగిరి సర్కిల్ సెల్ షాపు: మిలిటరీ వాళ్ల ఇళ్లకు పనికొచ్చే రివ్యూ

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కట్ చేశానో కింద చెప్తా.

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర సందులో ఉండే ఈ షాపులో రేట్లేమీ తక్కువ కాదు, ఆన్‌లైన్‌లో ఇంకా చవగ్గా దొరుకుతాయి. కానీ ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ కొని, బయటి దేశంలో డ్యూటీ చేసే కొడుకుతో మాట్లాడించాలంటే మాత్రం ఇక్కడికే పోండి.

మా అన్న ఆర్మీ. 2024లో లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో, మన బెటాలియన్‌తో ఉన్నాడు. 1998 నుంచి మనవాళ్లు అక్కడే, ఇజ్రాయెల్ బోర్డర్ పక్కన కాపలా. ఆ అక్టోబరు మొదట్లో ఇజ్రాయెల్ సైన్యం లోపలికి వచ్చింది. 10వ తేదీన నఖూరాలో శాంతి దళం హెడ్‌క్వార్టర్స్ టవర్ మీదే ట్యాంకు కాల్పులు జరిగి ఇద్దరు ఇండోనేషియా సైనికులకు దెబ్బలు తగిలాయని టీవీలో వస్తే, మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. అమ్మకు చదువు రాదు, ఆమె పాత ఫోనేమో వీడియో కాల్ రాగానే వేడెక్కి ఆగిపోయేది. అప్పుడు తీసుకుపోయినాం ఈ షాపుకి.

షాపు నడిపే భాయ్ విషయమంతా విన్నాడు. అన్న నంబరుకు ఒక్కదానికే నాదస్వరం రింగ్‌టోన్ పెట్టి, స్క్రీన్ మీద రెండు ముళ్ల గడియారాలు పెట్టాడు, పైన మనది, కింద లెబనాన్ రాజధాని బేరూత్‌ది. దీని విలువ అక్టోబరు ఆఖరి ఆదివారం తెలిసింది. ఆ రోజు అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పటిదాకా రెండున్నర గంటలున్న తేడా మూడున్నర అవుతుంది, అంటే అన్న అక్కడ రోజూలాగే ఏడింటికి మెసేజ్ పెట్టినా మనకు తొమ్మిదిన్నరకు రావాల్సింది పదిన్నరకు వస్తుంది. బాంబులు పడుతున్న టైంలో ఆ ఒక్క గంట చాలు గుండె ఆగిపోవడానికి. అమ్మ కింది గడియారం చూసి "వాళ్లకింకా ఏడు కాలేదులే" అని కూర్చుంది.

వీడియో కాల్ కోసం పట్టుబట్టొద్దమ్మా అని కూడా ఆయనే చెప్పాడు. శాంతి దళం వాళ్లను గంటల తరబడి బంకర్లలో ఉండమనేవారు, అక్కడ కాల్ నిలబడదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ అయితే సిగ్నల్ దొరకగానే దానంతటదే పోతుంది. మైకు బొమ్మ నొక్కి పైకి తోస్తే లాక్ అవుతుందని ఓపిగ్గా, అమ్మ వేలు పట్టుకుని మరీ నేర్పాడు. ఒక టిక్కుంటే ఇంకా చేరలేదు, రెండు పడితే వాడి ఫోనుకు అందింది. ఇక అమ్మ చెనిక్కాయ పంట నుంచి పక్కింటి గొడవ దాకా అన్నీ చెప్పి పంపడం, అటునుంచి "బాగుండానమ్మా, తిన్నా" అని రెండు ముక్కలు రావడం. టీవీ ఛానెళ్ల కంటే ఆ టిక్కులనే ఎక్కువ నమ్మింది.

ఫ్యామిలీ గ్రూపును మ్యూట్ చేయించింది నేను. ఎప్పటివో పాత బాంబుల వీడియోలు ఫార్వర్డ్ చేసే బంధువులు అందరికీ ఉంటారు కదా. పైగా యాడుండావు అని అడగొద్దని అన్న ముందే చెప్పినా ఒక చిన్నాన్న రోజూ గ్రూపులో అదే ప్రశ్న. మా మేనమామ కార్గిల్‌లో ఉన్నప్పుడు 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అడ్రసు తప్ప ఇంకేం తెలిసేది కాదంట, అయినా ఇన్‌లాండ్ కవర్లు చేరేవి.

నవంబరు 27న కాల్పుల విరమణ వచ్చాక వీడియో కాల్స్ మళ్లీ మొదలయ్యాయి. దక్షిణ సూడాన్, కాంగో మిషన్లలో ఉన్నవాళ్ల ఇళ్లకూ ఈ సెట్టింగులే పనికొస్తాయి, గడియారంలో ఊరు మార్చుకుంటే చాలు.

ఇక కట్ చేసిన స్టారు. అడక్కుండానే టెంపర్డ్ గ్లాస్ అంటించి డబ్బులు వేశారు, బిల్లు గట్టిగా అడిగితే తప్ప ఇవ్వరు, తెల్లకాగితం మీద రాసిస్తారు. వారంటీ కావాలంటే అసలు బిల్లు తీసుకునే కదలండి. సాయంత్రం పోతే రీచార్జుల రద్దీలో భాయ్‌కి తల ఎత్తే తీరిక ఉండదు, పొద్దున షాపు తెరవగానే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోండి, కౌంటర్‌లో ఉండే కుర్రాడితో కాకుండా ఆయనతోనే సెట్టింగులు చేయించుకోండి.