చలికాలం కరెంటు పోతే ఏది మేలు: ఇన్వర్టరా, జనరేటరా, సోలారా?

శ్రీకాకుళం టౌన్‌లో మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కంచిలి దగ్గర ఊళ్లో అమ్మానాన్న ఉంటున్న ఇంట్లో లేదు. ఒక కార్తీకమాసంలో నాన్న మా ఇంటికి వచ్చిన రాత్రి కరెంటు పోయింది. వీధంతా చీకటి, మా హాల్లో బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. నాన్న కాసేపు దాన్నే చూసి, "ఇదేటిరా, బాగుందే. మనూరికీ ఒకటి కొనెయ్" అన్నాడు. సరే నాన్నా అనేశాను. తీరా లెక్కలు వేసుకుని నాలుగు షాపులు తిరిగాక, ఊరింటికి కొన్నది ఇన్వర్టరు కాదు. ఎందుకు కాదో చెబుతాను.

వేసవిలో కరెంటు పోతే ఫ్యాన్ కోసం ప్రాణం కొట్టుకుంటుంది, కానీ రెండు మూడు గంటల్లో వచ్చేస్తుంది. చలికాలం మాట వేరు. మామూలు రోజుల్లో లైన్ పనులకని పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీసేస్తారు. దాంతో పెద్ద ఇబ్బంది లేదు. అసలు భయం చలికాలం ముంగిట వచ్చే తుఫానుది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. ఒకటి గోపాల్‌పూర్ దగ్గర, ఒకటి విశాఖ దగ్గర, మూడోది మన పలాస దగ్గర. తిత్లీ వచ్చింది నవరాత్రులు మొదలైన మర్నాడు తెల్లవారుజామున. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. ఊళ్లో మా వీధికి మళ్లీ కరెంటు వచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. బజారులో జనరేటరు ఉన్న కొట్టు ముందు ఫోన్ ఛార్జింగ్ కోసం జనం వరస కట్టి నిలబడ్డారు. ఒక్కో ఫోనుకు ఇరవై రూపాయలు.

కాబట్టి చలికాలానికి కావలసింది ఎక్కువ కరెంటు కాదు, ఎక్కువ రోజులు వచ్చే కరెంటు. ఫ్యాన్ అక్కర్లేదు, ఏసీ అక్కర్లేదు. రెండు బల్బులు, ఫోను, రేడియో, నీళ్లు ఉంటే ఇల్లు గడిచిపోతుంది. షాపువాడు మాత్రం ఎప్పుడూ "ఎన్ని ఫ్యాన్లు తిరగాలి సార్?" అనే అడుగుతాడు. అది వేసవి ప్రశ్న. చలికాలానికి "ఎన్ని రాత్రులు?" అని అడగాలి.

ముందు ఇన్వర్టరు సంగతి. మన దగ్గర ఎక్కువమంది కొనేది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ ఎంత పట్టుకుంటుందన్న కొలత) ట్యూబులర్ బ్యాటరీ, అంటే డిస్టిల్డ్ వాటర్ పోసే రకం. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్ అవర్లు, అంటే కాగితం మీద 1.8 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా ఖాళీ చేయకూడదు, మధ్యలో ఇన్వర్టరు కొంత తింటుంది. చేతికి వచ్చేది సుమారు 1.2 యూనిట్లు అనుకోండి. మా ఇంట్లో చలికాలం రాత్రి నాలుగు 9 వాట్ల బల్బులు, వైఫై, ఫోన్లు, అబ్బాయి ల్యాప్‌టాప్ కలిపి ఎనభై, తొంభై వాట్లు. అంటే పదమూడు గంటలు వస్తుంది. టౌన్‌లో కోతకు అది చాలు.

అదే బ్యాటరీని రెండు బల్బులకీ ఫోన్లకీ పరిమితం చేసి, సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకానే వాడితే నాలుగు రాత్రులు లాగొచ్చు. అయితే పగలు ఇన్వర్టరును స్విచ్ దగ్గరే ఆపేయాలి. చాలామంది ఇది చేయరు. ఏమీ వాడకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపు అది తన కోసమే పది, పదిహేను వాట్లు ఖర్చు చేస్తుంది. రోజంతా వదిలేస్తే మనం వాడిన దానికంటే అది తిన్నదే ఎక్కువ కావచ్చు.

ఇప్పుడు లిథియం బ్యాటరీలు వచ్చాయి. 100 ఏహెచ్ లిథియం, 150 ఏహెచ్ ట్యూబులర్ దాదాపు ఒకే పని ఇస్తాయి, ఎందుకంటే లిథియంను బాగా కిందిదాకా వాడుకోవచ్చు. డిస్టిల్డ్ వాటర్ గొడవ లేదు, ఎక్కువ ఏళ్లు వస్తుంది. ధర మాత్రం ఒకటిన్నర, రెండింతలు. ఏ ధరైనా మీ ఊళ్లో రెండు మూడు చోట్ల అడిగి చూసుకోండి. నాకు దానిలో నచ్చిన సుగుణం వేరే. ట్యూబులర్ పూర్తిగా ఎక్కడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. లిథియం, దానికి తగ్గ ఛార్జరు ఉంటే, మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. తుఫాను తర్వాత కరెంటు ఒక్కసారిగా వచ్చి నిలబడదు. రెండు గంటలు వస్తుంది, పోతుంది, మళ్లీ రాత్రి ఒక గంట వస్తుంది. ఆ రెండు గంటల్లో ఎంత పట్టుకోగలిగామన్నదే లెక్క. అక్కడ లిథియందే పైచేయి. కోతలు రోజూ ఉండి, మధ్యమధ్యలో కరెంటు వస్తూ ఉండే టౌన్ ఇంటికి డబ్బుంటే లిథియం మేలు. లేకపోతే ట్యూబులర్‌తో నష్టమేమీ లేదు. మాది ట్యూబులరే. ఇప్పటికి అయిదేళ్లు.

ఒక చిన్న మాట. పల్లెల్లో వోల్టేజి తక్కువగా ఉంటుంది కదా, చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్, ఎకో అని ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్‌లో పెడితే 180 వోల్టుల లోపు కరెంటును అది లెక్కలోకే తీసుకోదు, బ్యాటరీ ఎక్కదు. ఎకోలో పెడితే ఇంకా తక్కువకూ తీసుకుంటుంది. మా చిన్నాన్న ఇంట్లో ఏడాదిగా "బ్యాటరీ పాడైంది" అని తిట్టుకున్నది ఈ స్విచ్ వల్లే.

మరి జనరేటరో? ఊళ్లో బాబాయి వరసాయన "ఇవన్నీ ఎందుకురా, ఓ చిన్న జనరేటరు పడేయ్" అన్నాడు. చిన్న 1 కేవీఏ (జనరేటరు ఎంత లాగగలదన్న కొలత) పెట్రోలు జనరేటరు గంటకు అర లీటరుకు అటూ ఇటూ తాగుతుంది. రోజుకు ఆరు గంటలంటే మూడు లీటర్లు, పన్నెండు రోజులకు ముప్పై ఆరు లీటర్లు. అంత పెట్రోలు ఇంట్లో పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే. పోనీ బంకుకు వెళ్దామంటే తుఫాను తర్వాత రోడ్డు మీద చెట్లు పడి ఉంటాయి, బంకు మోటారుకూ కరెంటే కావాలి. పైగా "మోటారు ఆడుతుందిలే" అనే ఆశ కూడా నిలవదు. ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది. చిన్న జనరేటరు అక్కడే గుర్రుమని ఆగిపోతుంది. దానికి 3 కేవీఏ దాకా వెళ్లాలి.

ఇంకా రెండు ప్రమాదాలున్నాయి. చలికని కిటికీలు మూసుకుని, చప్పుడుకీ వానకీ జడిసి జనరేటరును వరండాలో పెడతారు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. వాసన తెలీదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ముప్పు. రెండోది, లైన్ కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు వైరును ఇంటి సాకెట్లో గుచ్చడం. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులై, లైన్ ఆపి ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను కొడుతుంది. మన ఇంటికి కరెంటు తేవడానికి వచ్చినవాడు మన వైరు వల్లే పోతాడు.

అయినా జనరేటరే దిక్కైన ఇళ్లు ఉన్నాయి. ఆక్సిజన్ కాన్సంట్రేటరు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీను) మీద ఉన్న పెద్దవాళ్ల ఇల్లు అలాంటిది. నిమిషానికి అయిదు లీటర్లు ఇచ్చే మెషీను 300 వాట్ల పైనే లాగుతుంది, 150 ఏహెచ్ బ్యాటరీ మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. వాళ్లకు జనరేటరుతో పాటు నిండు సిలిండరు కూడా ఇంట్లో ఉండాలి. రొయ్యల చెరువుల వాళ్లకు ఎలాగూ తప్పదు. పెళ్లిళ్ల సప్లయిర్స్ దగ్గర అద్దెకు తెచ్చుకుందామంటే, తుఫాను వస్తుందన్న కబురుకే అవన్నీ చెరువుల మీదికి వెళ్లిపోతాయి. మిగతావాళ్లు వీధికి ఒకటి కలిసి కొనుక్కుని, రోజుకు గంట ఆడించి ట్యాంకులు నింపుకోవచ్చు. మా ఊళ్లో ఆ మాట ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. ఎవరింట్లో పెట్టాలన్న దగ్గర ఆగిపోయింది.

సోలారు గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది. టౌన్‌లో మా పక్కింటి మాస్టారు పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద మేడ మీద 3 కిలోవాట్లు వేయించారు. 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది, కరెంటు బిల్లు దాదాపు మాయమైంది. బేరం మంచిదే. కానీ ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ ఉండగా కరెంటు పోతే, వాళ్ల ఇంట్లోనూ పోయింది! ఆయన కంగారుపడి ప్యానెళ్లు కడిగించారు. ఆన్‌గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన సోలారు పనితీరే అంత. లైన్లో కరెంటు లేకపోతే అదీ ఆగిపోతుంది, ఇందాక చెప్పిన లైన్‌మన్ కోసమే. కోతలోనూ పనిచేయాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. బిల్లు తగ్గడానికి ఆన్‌గ్రిడ్ మేలు, చీకటికి మాత్రం అది మందు కాదు.

ఊరింటికి నేను చివరికి పెట్టించింది బుల్లి సోలారు. 100 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల 40 ఏహెచ్ బ్యాటరీ, బ్యాటరీ ఛార్జింగ్ చూసుకునే కంట్రోలరు, బ్యాటరీతో నేరుగా వెలిగే మూడు డీసీ బల్బులు, ఫోన్లకు యూఎస్‌బీ పాయింటు. నాకు పదమూడు వేలు అయింది. ఎండ ఉన్న రోజు ఆ ప్యానెల్ 400 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. నాన్నావాళ్ల ఖర్చు 150 దాటదు. మబ్బు పట్టినా రెండు రోజులు ఢోకా లేదు. తుఫాను వెళ్లాక మామూలుగా మూడో రోజుకు మన దగ్గర ఎండ కాస్తుంది. ఇన్వర్టరే లేదు కాబట్టి అది తినే పదిహేను వాట్లూ మిగిలాయి. కరెంటు పన్నెండు రోజులు రాకపోయినా ఇరవై రోజులు రాకపోయినా దీనికి ఒకటే. ఇన్వర్టరైతే నాలుగో రాత్రి తర్వాత మూలన పెట్టిన బరువే. నాన్న అడిగింది కొనకపోవడానికి కారణం ఇదే. ఇంకో లాభం కూడా ఉంది. ప్యానెల్‌ను నాలుగు బోల్టులతోనే బిగించాం, గాలి వస్తుందంటే విప్పి లోపల పెట్టుకోవచ్చు. మేడ మీది పెద్ద ప్యానెళ్లకు ఆ వీలు లేదు. ఈ బుల్లి సోలారుతో మిక్సీ ఆడదు, టీవీ రాదు. అమ్మకు సన్నికల్లు ఉంది, టీవీ లేకపోతే ఇంకా హాయి అంటుంది.

కొవ్వొత్తులు, బుడ్డి దీపాల గురించి పెద్దగా చెప్పను. గాలికి ఆరిపోతాయి, ఆరకపోతే తాటాకు అంటుకుంటుంది. మూడు నాలుగు వందలకు వచ్చే రీఛార్జబుల్ బల్బు, సెల్స్‌తో పనిచేసే టార్చి వెయ్యి రెట్లు నయం. అయితే ఆ బల్బు మూడు నాలుగు గంటలే, అదీ పోనుపోను మసకబారుతుంది.

ఇంతా చేసి, అన్నిటికంటే చవకైన బ్యాటరీ నీళ్ల ట్యాంకు. వెయ్యి లీటర్లు మేడ మీద నిండి ఉంటే, అది నలుగురికి పొదుపుగా వారం రోజుల వాడకం. కరెంటును నిల్వ చేయడం కష్టం, నీళ్లను నిల్వ చేయడం తేలిక. ఊళ్లో మాకు నుయ్యి ఉంది. తిత్లీ అప్పుడు నూతి నిండా నీళ్లున్నాయి గాని తోడుకునే దారి లేదు, మోటారు పెట్టించాక గిలక తీసేసి పాత ఇనుముకు అమ్మేశాం. పక్కింటి చేంతాడు అడుక్కుని తోడుకున్నాం. సోలారుతో పాటు నేను కొన్న మరో సామాను కొత్త గిలక, ముప్పై అడుగుల చేంతాడు. పదమూడు వేల సోలారు కంటే అమ్మ దాన్నే ఎక్కువ మెచ్చుకుంది.

ఫ్రిజ్ కోసం బ్యాటరీ పెంచుకోవద్దు. తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. తర్వాత చలికాలంలో పెరుగు, కూరగాయలు బయటే ఆగుతాయి. ఎండు మెత్తళ్లకూ ఆవకాయకూ ఫ్రిజ్ ఎప్పుడు కావాల్సొచ్చింది? అమ్మ ఇన్సులిన్ ఒక్కటే టెన్షన్. వాడుతున్న సీసా చలికాలపు గదిలో దాదాపు నాలుగు వారాలు ఉంటుందని, మందును బట్టి మారుతుందని, సీసాతో వచ్చిన కాగితం చూడమని డాక్టరు చెప్పారు. తెరవని సీసాలను డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచుతాం.

ఏది కొన్నా, ఛార్జింగ్ మాత్రం గాలి మొదలయ్యేదాకా ఆపకండి. తుఫాను తీరం చేరక ముందే జాగ్రత్త కోసం డిపార్టుమెంటు వాళ్లే లైన్లు ఆపేస్తారు. బ్యాటరీని నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టండి, నాగావళి పక్క వీధుల వాళ్లకు చెప్పక్కర్లేదు. సెల్ టవర్ల బ్యాటరీలు కూడా అయిపోతాయి కాబట్టి సెల్స్ వేసుకునే రేడియో ఉండాలి, విశాఖ ఆకాశవాణి అందుతుంది. తెగిన తీగ కనిపిస్తే దగ్గరికి వెళ్లకుండా 1912కి ఫోన్ చేయాలి.

ఆ మధ్య కళింగపట్నంలో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని రేడియోలో విని, నాన్న ప్యానెల్ విప్పించి మంచం కింద పెట్టించాడు. గిలకకు నూనె కూడా వేశాడట. తుఫాను మన వైపు రాకుండా పైకి వెళ్లిపోయింది. మర్నాడు ఫోను: "ఒరేయ్, ఆ పలక మళ్లీ పైకెక్కించాలి, నా వల్ల అవదు. ఆదివారం రా. వచ్చేటప్పుడు ఒక బోల్టు తే, ఒకటి ఎక్కడో పడిపోనాది."