పాత డిఫెండర్ మీద మిగిలిన బోల్టు బెజ్జాలు: ఏ సరుకు నిలుస్తుంది, ఏది డబ్బు దండగ

పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ కొంటే బండితో పాటు వెనకటి ఓనర్లు కొట్టించిన బెజ్జాలూ వస్తాయి. స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి తెచ్చే గొట్టం) పీకేశాక ఫెండర్ పక్కన, చెకర్ ప్లేట్ (గళ్ళ రేకు) తీశాక ఫెండర్ పైన, లైట్లు విప్పాక టాపు మీద. సోలిహల్‌లో ఈ పాత మోడల్ తయారీ 2016 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి దొరికేవి చాలామటుకు చేతులు మారినవే. రేకు అల్యూమినియం గనక తుప్పు పట్టదులే అని ఆ బెజ్జాలను అలాగే వదిలేస్తారు. తుప్పు పట్టదు నిజమే, తెల్లపొడి పడుతుంది. ఇనప బోల్టు, అల్యూమినియం రేకు, మధ్యలో ఉప్పునీళ్ళు: ఈ మూడూ కలిస్తే బోల్టు కన్నా ముందు రేకే అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు వేసినా అంతే.

ముందు వద్దనేవి చెప్పేస్తే సగం గొడవ తీరుతుంది. వెనిగర్ వాసన కొట్టే బాత్రూం సిలికాన్‌కు సున్నా మార్కులు. ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలి బోసి అల్యూమినియాన్ని తింటుంది. దాన్ని గీకేసినా పల్చటి పొర మిగిలి, మీద కొట్టిన పెయింట్ అతుక్కోకుండా గుంటలు గుంటలుగా విడిపోతుంది. బెజ్జంలోకి నేరుగా లప్పం కుక్కడమూ దండగే. వెనక దన్ను ఏమీ లేని లప్పం బిళ్ళను పట్టుకుని ఉండేది మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న రేకు అంచు ఒక్కటే. ఇనుముతో పోలిస్తే అల్యూమినియం వేడికి రెట్టింపు దాకా సాగుతుంది. మీటరు పొడవు రేకు 40 డిగ్రీల తేడాకు 0.9 మిల్లీమీటర్లు కదులుతుంది. డీజిల్ బండి అదురు దీనికి తోడు. కొన్నాళ్ళకే బిళ్ళ చుట్టూ వెంట్రుకంత గీత కనబడుతుంది. ఎమ్‌సీల్‌కూ ఇదే గతి, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఇక పనికొచ్చేవి. బెజ్జాన్ని మూసే సరుకు వేరు, నీళ్ళను ఆపే సరుకు వేరు. ఈ రెండు పనులూ ఒక్క ట్యూబుతో అయిపోవాలని చూడటం వల్లే చాలా పనులు చెడుతున్నాయి.

మూసేవాటిలో మా ఓటు క్లోజ్డ్ ఎండ్ పాప్ రివెట్‌కు. పాప్ రివెట్ అంటే నడుమనున్న మేకును గన్‌తో లాగి ఒక వైపు నుంచే బిగించేది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్లలో పాప్ రివెట్ అంటే తెలియనివారుండరు, అయితే అక్కడైనా ఎక్కడైనా మామూలుగా అడిగితే చేతిలో పెట్టేది ఓపెన్ రకమే. దాని నడుమ సన్నటి దారి ఉంటుంది, నీళ్ళు దిగుతాయి. లోపల మిగిలిన మేకు తల తుప్పు పడుతుంది. క్లోజ్డ్ రకం వెనక కొస గిన్నెలా మూసుకుని ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వెనక వైపు చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అడిగి మరీ తెచ్చుకోవాలి.

కొలతలు జాగ్రత్త. 4.8 మిల్లీమీటర్ల రివెట్‌కు 4.9 లేదా 5 మిల్లీమీటర్ల బెజ్జం, 6.4 రివెట్‌కు 6.5 చాలు. ఎమ్6 బోల్టు తిరిగిన బెజ్జం సాధారణంగా 6.5 నుంచి 7 దాకా ఉంటుంది. 6.5 అయితే 6.4 రివెట్ సరిగ్గా కూర్చుంటుంది, 7 అయితే వదులు. పొడవు ఎక్కువైనది కొనడం ఇంకో పొరపాటు. పెట్టె మీద ఎంత మందాన్ని పట్టగలదో రాసి ఉంటుంది. మీ రేకు మందం ఆ లెక్కలో లేకపోతే వెనక సరిగ్గా ఉబ్బదు, తల గోటితో తిప్పినా తిరుగుతుంది. 6.4 సైజును చిన్న చేతి గన్‌తో లాగడం మణికట్టుకు శిక్షే, పొడుగు కాడల గన్ అద్దెకైనా తెచ్చుకోండి. డిఫెండర్‌కు కంపెనీ రివెట్లు ఎలాగూ బయటకు కనబడతాయి గనక ఒకటో రెండో ఎక్కువైనా ఎవరూ పట్టించుకోరు. అదే పదీ పన్నెండైతే అతుకుల బొంతలా ఉంటుంది.

నీళ్ళు ఆపడానికి సికాఫ్లెక్స్ 221 సీలెంట్. పాలీయురేతేన్, 300 మి.లీ. ట్యూబు, గాలిలో తేమతో గట్టిపడుతుంది. ఆరాక కూడా రబ్బరులా సాగుతుంది, మీద పెయింట్ పడుతుంది, ఈ రెండు గుణాలకే దీనికి ఐదుకు నాలుగు. ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, తెరిచిన ట్యూబు నిలవ ఉండదు. ముక్కులో పొడుగు స్క్రూ దిగేసినా కొద్ది రోజులకే గడ్డకడుతుంది. తెల్లది ఎండకు పచ్చబడుతుంది, బూడిద రంగే మేలు. చల్లటి పొడి వాతావరణంలో ఆరడం బాగా ఆలస్యమవుతుంది. తడిగా ఉండగా ఆల్కహాల్‌తో తుడిచారా, అది గట్టిపడటమే మానేస్తుంది.

పని వరస ఇది. లోపలి నుంచి, బయటి నుంచి బెజ్జం చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర తెల్లపొడి పోయేదాకా నైలాన్ స్క్రబ్ ప్యాడ్‌తో రుద్దండి. ఇనప వైరు బ్రష్ వద్దు, దాని పొడి రేకులో దిగబడి మళ్ళీ అదే రోగం మొదలవుతుంది. అంచుకు నిలిచిన పదునును పెద్ద డ్రిల్ బిట్ చేత్తో తిప్పి తీసేయండి. ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. బోసి అంచుకు ఎపాక్సీ ప్రైమర్ పూసి, అది గట్టిపడ్డాక రివెట్ తల కింద సన్నటి చుట్టుగా సీలెంట్ పెట్టి దిగేయండి. గన్ నొక్కితే మేకు టప్పున తెగుతుంది, తల చుట్టూ సీలెంట్ సన్నటి ఉంగరంలా ఉబికి రావాలి. ఉంగరం ఒక పక్కన తెగి కనబడితే ఆ పక్క నుంచే నీళ్ళు దిగుతాయి. అప్పుడు పైన పూసి కప్పెట్టకుండా, డ్రిల్ చేసి తీసి మళ్ళీ వేయడమే దారి.

రివ్‌నట్ (రేకులోనే రివెట్‌లా బిగించే, లోపల మర ఉన్న నట్టు) తీసిన బెజ్జాలు పెద్దవి, ఎమ్6 రివ్‌నట్‌దే 9 మిల్లీమీటర్లు. వాటికి ఈపీడీఎమ్ రబ్బరు బిరడాలు సరి. స్టెప్ డ్రిల్‌తో (మెట్లు మెట్లుగా లావయ్యే బిట్) బెజ్జాన్ని గుండ్రంగా సరిచేసి, బెజ్జం వ్యాసంతో పాటు రేకు మందం కూడా చెప్పి కొనాలి. రేపు మళ్ళీ ఏదైనా బిగించే ఆలోచన ఉన్నవాళ్ళకు ఇదే ఉత్తమం. అయితే టాపు మీద మాత్రం కింద సీలెంట్ లేకుండా పెట్టవద్దు.

అసలు జాడే కనబడకూడదంటే వెనక నుంచి 25 మిల్లీమీటర్ల అల్యూమినియం బిళ్ళను స్టాండర్డ్ అరల్డైట్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చి, అప్పుడు ముందు నుంచి ఎపాక్సీ ఫిల్లర్ నింపాలి. వెనక దన్ను ఉంది గనక ఇక్కడ ఫిల్లర్ నిలుస్తుంది. వెనక చెయ్యి దూరే చోటైతేనే ఇది. వెల్డింగ్ వైపు వెళ్ళకండి, ఆ పల్చటి రేకు వేడికి వంకర్లు తిరుగుతుంది, దాన్ని సాపు చేయించే ఖర్చుకు పాత ఫెండర్ ఇంకోటి వస్తుంది.

తలుపుల్లో ఇంకో మెలిక ఉంది. పై తొడుగు అల్యూమినియం, లోపలి ఫ్రేము ఇనుము. బోల్టు రెండింటిలోంచి వెళ్ళి ఉంటే ఇనుము వైపు తుప్పు గీకి ప్రైమర్ వేశాకే మూయాలి.

సీలెంట్ ఆరాక రెండో రోజు, లోపల బెజ్జాల చుట్టూ టాల్కం పౌడర్ చల్లి, బయట పైపుతో కింది నుంచి మొదలుపెట్టి పైకి పదేసి నిమిషాలు నీళ్ళు కొట్టండి. పౌడర్‌లో తడి గీత ఎక్కడ మొదలైందో చూస్తే కారే చోటు దొరుకుతుంది. తలుపుల అడుగు అంచున ఉన్న చిన్న కంతలు మాత్రం బోల్టు బెజ్జాలు కావు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీళ్ళు బయటికి పోయేది వాటిలోంచే. ఉత్సాహంలో వాటినీ మూసేస్తే ఫ్రేము లోపలి నుంచి కుళ్ళుతుంది.