బయటివాళ్ళు కూడా రావచ్చు, దారి దొరికితే

26 ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. మానేసి మూడేళ్ళయినా ఆ జబ్బు వదల్లేదు. గోడ మీద కాగితం కనిపిస్తే ముందు తప్పులు కనిపిస్తాయి, విషయం ఆ తర్వాత. మా ఇంటికి రెండు బస్టాపుల అవతలున్న యూనివర్సిటీ వాళ్ళు బయటి జనం కోసం నెలనెలా వేసే కార్యక్రమాల పట్టిక కూడా అలాగే కంటబడింది. పైన పెద్దక్షరాల్లో "అందరికీ ఆహ్వానం, ప్రవేశం ఉచితం". కింద పదకొండు కార్యక్రమాలు, నాలుగు తప్పులు. ఉపన్యాసం 14, శనివారం అని వేశారు. ఆ నెల 14 ఆదివారం.

పెన్ను తీసి దిద్దబోయి, పక్కన జనం చూస్తున్నారని ఆగాను. ఈలోగా మా అక్క కొడుకు పట్టికంతా చదివేసి "పిన్నీ, టెలిస్కోపులో చూపిస్తారంట" అన్నాడు. వాడికి పదకొండేళ్ళు. అలా మొదలైంది. రెండు నెలల్లో ఏడుసార్లు వెళ్ళాం, ఆరుసార్లు చూశాం. లోపల జరిగేదానికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను. లోపలికి వెళ్ళే దారికి ఒకటిన్నర, అదీ మొహమాటానికి. యూనివర్సిటీ పేరు మాత్రం రాయను. ఇంకో యూనివర్సిటీ పట్టికను పక్కన పెట్టి చూస్తే ఇవే తప్పులు కనిపిస్తాయని నా అనుమానం.

దారి సంగతి ముందు. పేరు నమోదు చేసుకోమన్నారు, సరే. ఫారంలో "విద్యార్థి సంఖ్య" అన్న గడికి ఎర్ర చుక్క, అంటే నింపక తప్పదు. నాలుగు సున్నాలు కొట్టాను, తీసుకుంది. తర్వాత "మీరు ఎవరు" అని ఒక జాబితా: విద్యార్థి, అధ్యాపకులు, సిబ్బంది, పూర్వ విద్యార్థి. మామూలు మనిషికి అందులో చోటు లేదు. అందరికీ ఆహ్వానం అన్నవాళ్ళ ఫారంలో అందరూ లేకపోవడమేమిటో! చివరికి పూర్వ విద్యార్థినని నొక్కాను. పిల్లాడి ముందు ఆడిన అబద్ధం అదొక్కటే.

గేటు దగ్గర కాపలా ఆయన "ఏ డిపార్ట్‌మెంటు అమ్మా?" అని అడిగాడు. ఉపన్యాసానికి వచ్చామంటే "ఈరోజు ఆదివారం కదమ్మా, ఏమీ ఉండవు" అన్నాడు. పాపం ఆయన తప్పేం లేదు, పట్టిక ఆయనకెవరూ ఇవ్వలేదు. నా దగ్గరున్నది చూపిస్తే నాకంటే శ్రద్ధగా చదివాడు. అందులో "ఎల్‌హెచ్ 3, పాత కెమిస్ట్రీ బిల్డింగ్" అని ఉంది. ఎల్‌హెచ్ అంటే లెక్చర్ హాలని మావాడు కనిపెట్టాడు. పాత కెమిస్ట్రీ బిల్డింగ్‌లో ఇప్పుడు కెమిస్ట్రీ లేదు, బోర్డు కూడా వేరే శాఖది. లోపలివాళ్ళకు అది అలవాటైన పేరు. మాకు పావుగంట నడక.

ఉపన్యాసం బాగుంది. మాట్లాడినావిడ మట్టిలోని సూక్ష్మజీవుల గురించి అరగంట మావాడు కదలకుండా వినేలా చెప్పారు. చివరి పది నిమిషాలూ ముందు వరసల్లోని తోటివాళ్ళ వైపు తిరిగి తమ శాస్త్రం మాటల్లోకి వెళ్ళిపోయారు, మావాడు కుర్చీ కింద చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ అని ఉంది. 1597 నుంచి ఊరి జనానికి ఉచితంగా ఉపన్యాసాలు పెడుతున్నారు. మొదట్లో అక్కడ ఒకే పాఠాన్ని చదువుకున్నవాళ్ళ కోసం లాటిన్‌లోనూ, ఊళ్ళోవాళ్ళ కోసం ఇంగ్లిషులోనూ చెప్పాలని నియమం పెట్టుకున్నారు. వింటున్నది ఎవరో ముందే ఆలోచించుకున్నారన్నమాట. ఇక్కడ ప్రశ్నలడిగిన నలుగురూ లోపలివాళ్ళే. మావాడు ఎత్తిన చెయ్యి ఎవరికీ కనబడలేదు.

ఇక టెలిస్కోపు. పట్టికలో "పౌర్ణమి ప్రత్యేకం" అని వేశారు. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వెళ్ళేసరికి అబ్జర్వేటరీ తలుపుకు తాళం, తాళం పక్కన చిన్న చీటీ: రద్దు. ఫారంలో నా ఫోన్ నంబరు, మెయిలు రెండూ రాయించుకున్నారు, దేనికో మరి. మేం చూడని ఏడోది ఇదే. మావాడు ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

22 రోజుల తర్వాత మళ్ళీ పెట్టారు. ఆ రాత్రి మాకు అర్థమైందేమిటంటే, ఆ మబ్బు మేలే చేసింది. పౌర్ణమి నాడు సూర్యుడి వెలుగు చంద్రుడి మీద మనవైపు నుంచే తిన్నగా పడుతుంది, నీడలుండవు. గుంటలూ కొండలూ అన్నీ సున్నం కొట్టిన గోడలా ఒకటైపోతాయి. అష్టమి చంద్రుడైతే వెలుగూ చీకటీ కలిసే గీత మధ్యలో ఉంటుంది, ఆ గీత వెంబడి నీడలు పొడుగ్గా సాగుతాయి. మేం చూసింది అదే. ఒక గుంట అంచు మీద మాత్రం వెలుగు పడి, లోపలంతా సిరా ఒలికినట్టు నల్లగా ఉంది. మధ్యలో ఒక చుక్క మెరుస్తోంది. అది గుంట నడుమ లేచిన కొండ కొస అని అక్కడి విద్యార్థిని చెప్పింది. ఎండ ఆ కొసకు అందింది, అడుగుకు ఇంకా అందలేదు. అయితే పౌర్ణమి ప్రత్యేకం అని ఎందుకు వేశారమ్మా అంటే నవ్వేసి, "పట్టిక వేసేది ఆఫీసువాళ్ళు ఆంటీ, మమ్మల్ని అడగరు" అంది. ప్రెస్సులో కూడా ఇంతే. ఫోటో కింద పేరు తప్పు పడితే, ఫోటో తీసినవాణ్ణి అడగకుండా వేసి ఉంటారు.

ఆ అమ్మాయి టార్చికి ఎర్ర కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుందట. ఒక్క తెల్ల వెలుగు పడితే మళ్ళీ మొదటికే వస్తాం. ఎర్ర వెలుగు అంతగా చెడగొట్టదు. ఇది తెలిశాక వరసలో ఎవరు ఫోను తీసినా మావాడు ఊరుకోలేదు, "అంకుల్, లోపల పెట్టండి" అని కసురుతూనే ఉన్నాడు.

తర్వాత శనిగ్రహం. పుస్తకాల్లో బొమ్మ చూసి పెద్ద వలయం ఊహించుకుని వచ్చాడు వాడు. కంటిని అద్దానికి ఆనించి "గీతలా ఉంది పిన్నీ, బొమ్మలోలా లేదు" అన్నాడు. నిజమే, ముత్యానికి సూది గుచ్చినట్టుంది. దాదాపు పదిహేనేళ్ళకోసారి ఆ వలయాలు మనకు అంచువైపు తిరుగుతాయి, 2025 మార్చిలో అలా తిరిగాయి. ఇక ఏటికేడు విచ్చుకుంటూ పోతాయి, 2032 నాటికి బాగా వెడల్పుగా కనిపిస్తాయి. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. 1612లో గెలీలియోకి కూడా ఇలాగే అయింది. రెండేళ్ళ ముందు శనికి రెండు పక్కలా ఏవో ఉన్నాయని చూసినవాడికి అవి మాయమై కనబడ్డాయి, ఏమైపోయాయో అంతుబట్టలేదు. అది వలయమని హైగెన్స్ అనే డచ్చి శాస్త్రవేత్త పుస్తకంలో వివరించింది 1659లో. ఇదంతా ఆ అమ్మాయి వరసలో ఉన్న నలభైమందికీ, విసుగు లేకుండా, ఒక్కో జట్టుకీ మొదట్నుంచీ చెప్పింది. ఈ సేవకు నేనిచ్చిన నాలుగున్నరలో రెండు ఆ పిల్లవే.

ఫిజిక్స్ శాఖ మెట్ల దగ్గర లోలకం ఉంది, ఫూకో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1851లో పారిస్‌లో వేలాడదీసినలాంటిదే, చిన్నది. భూమి తిరుగుతోందని దాన్నిబట్టి తెలుస్తుంది. పట్టికలో "ప్రదర్శన, 10 నిమిషాలు" అన్నారు. లోలకం ఊగే దిశ ధ్రువాల దగ్గరే గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, మిగతా చోట్ల అంతకంటే తక్కువ. పది నిమిషాల్లో రెండున్నర డిగ్రీలు కూడా తిరగదు. ఎవరికి కనబడుతుందండీ అది? ప్రదర్శన అయిపోయింది, పదండి అన్నారు. మేం కదల్లేదు. గంటసేపు మెట్ల మీద కూర్చుంటే చుట్టూ పేర్చిన పుల్లల్లో ఒకటి లోలకం తగిలి టక్కున పడింది. మావాడి కేక మూడో అంతస్తు దాకా వినబడి ఉంటుంది. సంగీత కచేరీ బాగుంది, మైకు బాగాలేదు.

ఒకసారి పొరపాటున పరిశోధక విద్యార్థి వైవాకి, అంటే నోటితో జవాబులు చెప్పే పరీక్షకు, వెళ్ళాం. పట్టికలో ఉపన్యాసాల వరసలోనే వేశారు, "బహిరంగం" అని కూడా ఉంది, మాకేం తెలుసు. గదిలో పరీక్షించే పెద్దలు, ఆ అబ్బాయి, వాళ్ళమ్మానాన్నల్లా ఉన్న ఇద్దరు, మేమిద్దరం. విషయం ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లేచి వెళ్ళిపోతే వాడి గుండె జారుతుందేమోనని చివరిదాకా కూర్చుని చప్పట్లు కొట్టాం. బయటికొచ్చాక ఆ అబ్బాయి వచ్చి, "మీరు ఎవరి తరఫునండీ?" అని అడిగాడు. పెళ్ళిలో అడిగినట్టు.

ఎవరైనా ఒక్కదానికే వెళ్తామంటే నేను చెప్పేది హెర్బేరియం గంట. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కలను దాచే చోటు. విడతకు పదిహేనుమందే, కాబట్టి ముందే పేరిచ్చుకోండి. నేను మాత్రం ఎండిన మొక్కలు చూడ్డమేమిటని పిల్లాడి కోసమే వెళ్ళాను. గదిలో కలరా ఉండల వాసన, వరసగా ఇనప బీరువాలు. కొత్తగా వచ్చిన మొక్కల కట్టను ముందు కొన్నాళ్ళు గడ్డకట్టే చలిలో ఉంచాకే లోపలికి రానిస్తారు. చచ్చిపోయిన మొక్కకు చలి ఎందుకని మావాడడిగాడు. మొక్కకు కాదు బాబూ, దాంట్లో దాక్కుని వచ్చే పురుగుకు అన్నారు అక్కడి పెద్దాయన. ఒక్క పురుగు లోపల పడితే బీరువాకి బీరువా పొడి చేసేస్తుందట.

ఆయన ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టారు. గోధుమరంగు కొమ్మ, సన్నటి కాగితపు పట్టీలతో అతికించి ఉంది. కుడివైపు కింద ఒక చీటీ: ఎవరు కోశారు, ఎప్పుడు, ఎక్కడ, పువ్వు ఏ రంగు. ఎండాక రంగు పోతుంది కాబట్టి రంగు రాసి తీరాలి. ఆ చీటీ మీద మొక్క పేరు, పాత సిరా చేతిరాత. దాని పైన ఇంకో చీటీ, టైపు కొట్టింది, అందులో వేరే పేరు. దానికి కాస్త ఎడంగా మూడోది, కంప్యూటరు అచ్చు, మళ్ళీ ఇంకో పేరు. ప్రతిదాని కిందా దిద్దినవాళ్ళ పేరూ తేదీ. మూడు చీటీల మీదా ఒక్క కొట్టివేత లేదు.

నాకు చెయ్యి ఆడలేదు. మా పనిలో తప్పు దొరికితే గీత కొట్టి, పక్కన గుర్తు పెట్టి, దిద్దాక పాత ప్రూఫు చుట్టి చెత్తలో పడేస్తాం. తప్పు ఉండేదన్న సంగతే ఎవరికీ తెలియకూడదు, అదే మా పనితనం. "మొదటి పేరు తప్పని తేలింది కదండీ, ఎందుకు ఉంచారు?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆయన ఏం చూసి పొరబడ్డారో కూడా సమాచారమే కదండీ. రేపు మూడో చీటీ తప్పని తేలితే?" అన్నారు. మొక్కల శాస్త్రీయ నామాల లెక్క లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1753లో వేసిన పుస్తకంతో మొదలవుతుందట. అప్పట్నుంచీ ఇలా చీటీ పక్కన చీటీ పెడుతూ దిద్దుకుంటూనే ఉన్నారు. గంట అయిపోయిందని చెప్పేదాకా నేను ఆ ఒక్క అట్ట దగ్గరే నిలబడ్డాను. మిగతా పద్నాలుగుమందీ ఏం చూశారో నాకు తెలీదు.

వచ్చే నెల పట్టికలో హెర్బేరియం మళ్ళీ ఉంది, పాత పుస్తకాలు బాగుచేయడం నేర్పే ఒక పూట శిబిరం కూడా ఉంది. పట్టికను ఫోను క్యాలెండరులో కలుపుకునే లింకు ఇచ్చారు, అది వాడుకోండి. వేళ మారితే దానంతటదే మారుతోంది. మబ్బు సంగతి మాత్రం చెప్పదు, సాయంత్రం ఆకాశం చూసుకుని బయల్దేరడమే. గేటు దగ్గర చూపించడానికి పట్టిక అచ్చు ఒకటి దగ్గరుంచుకోండి.

ఉండబట్టలేక పాత పట్టిక ఒకటి తెచ్చి, ఎర్ర సిరాతో దిద్ది ఆఫీసుకు పంపాను. నాలుగు తప్పులూ, పౌర్ణమి సంగతి, పది నిమిషాల లోలకం, ఫారంలో "ఇతరులు" అన్న గడి కావాలని, అన్నీ మార్జిన్లో రాశాను. ధన్యవాదాలు అని ఒక్క ముక్క జవాబొచ్చింది. కొత్త పట్టిక మొన్న బస్టాపులో అతికించారు. వారాలూ తేదీలూ అన్నీ సరిపోయాయి. ఫారంలో "ఇతరులు" వచ్చింది. పైన పెద్దక్షరాల్లో మాత్రం "అందరికీ ఆవ్హానం" అని పడింది. ఈసారి గీత కొట్టలేదు. చిన్న చీటీ మీద "ఆహ్వానం" అని రాసి, కింద నా పేరూ తేదీ వేసి, దాని పక్కన అతికించి వచ్చాను.