యుద్ధానికి వెళ్లిన తాతయ్య జాడ: ఆన్‌లైన్ జాబితానా, రికార్డ్ ఆఫీసా, లండనా?

1942 ఏప్రిల్ 6న విశాఖ హార్బర్ మీద జపాన్ బాంబులు పడిన రోజు గురించి మా నాయనమ్మ ఎన్నోసార్లు చెప్పేది. అప్పటికే తాతయ్య మిలట్రీలో ఉన్నారు. ఏ పల్టన్‌లో ఉన్నారో ఆవిడకీ తెలీదు. "బర్మా వెళ్లారు" అన్న ఒక్క మాటే మాకు మిగిలింది. ఆ మాట పట్టుకుని వెతకడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, ఏ దారి మేలన్నది ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుంది. మీ పెద్దాయన యుద్ధంలో పోయారా, తిరిగి ఇంటికొచ్చారా?

పోయినవారైతే ఆలోచించక్కర్లేదు, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ మేలు. పైసా ఖర్చు లేదు. 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు సర్వీసులో ఉండగా చనిపోయినవారి పేర్లు అందులో ఉంటాయి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు కూడా కనిపిస్తాయి. రంగూన్ దగ్గర టౌక్యాన్‌లోని స్మారకం మీదే దాదాపు 27,000 పేర్లున్నాయి. ఆ ఊళ్ల పేర్లు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. కాబట్టి మీది పాలకొండైనా, బొబ్బిలైనా, జిల్లా పేరు 'వైజాగపటం' అనే పాత స్పెల్లింగ్‌తో ఉండొచ్చు. మన పేర్లు తెల్లదొరల చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు. అందుకే ఒకే పేరును నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి.

తిరిగొచ్చినవారి పేర్లు అక్కడ ఉండవు. మా తాతయ్య తిరిగొచ్చారు. అలాంటివారికి నా ఓటు రికార్డ్ ఆఫీసుకే, అంటే సిపాయిల సర్వీసు కాగితాలు దాచే సైన్యం ఆఫీసుకే. మద్రాస్ రెజిమెంట్‌దైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లైతే (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) బెంగళూరు, సిగ్నల్స్ అయితే జబల్పూర్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్. ఇబ్బందల్లా ఇదీ: యుద్ధం కోసం చేరినవాళ్లలో చాలామందిని అది ముగియగానే పెన్షన్ లేకుండా పంపేశారు. పెన్షన్ లేనివాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేస్తారు. కానీ 'లాంగ్ రోల్' అనే పెద్ద పుస్తకాన్ని మాత్రం ఉంచుతారు. సిపాయి సర్వీసు నంబరు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ లాంటివి అందులో ఉంటాయి. దరఖాస్తులో "సర్వీసు రికార్డు కావాలి" అని ఊరుకోకుండా "లాంగ్ రోల్ ఎంట్రీ నకలు ఇవ్వండి" అని విడిగా అడగండి. నేను మొదటిసారి అలా అడగలేదు. కాగితాలు లేవని ఒక్క ముక్కలో జవాబొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండోసారి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, లాంగ్ రోల్ పేరు రాసి పంపాను. రెండు లైన్లొచ్చాయి. ఆ రెండు లైన్లలో మా ఊరి పేరుంది.

సర్వీసు నంబరు లేకపోతే ఇదంతా కష్టం. ముందు ఇంట్లో ట్రంకు పెట్టె దింపండి. డిశ్చార్జ్ సర్టిఫికెట్‌ను చెదలు తిన్నా, పాత మనియార్డరు కూపన్ మీదో, ఉత్తరం మీదో నంబరు దొరకొచ్చు. కొన్ని మెడల్స్ మీద కూడా చెక్కి ఉంటుంది. పెట్టెలో ఏమీ లేకపోతే విశాఖలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. రెండో ప్రపంచయుద్ధ సిపాయిలకు, వాళ్ల భార్యలకు వచ్చే ప్రభుత్వ సాయం కోసం మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడో అర్జీ పెట్టి ఉంటే, నంబరు అందులో రాసే ఉంటారు.

ఇక లండన్. డబ్బు తీసుకుని అక్కడి ఆర్కైవ్స్‌లో వెతికిపెడతామనే వాళ్లుంటారు. మామూలు సిపాయి ఫైలు కోసమైతే ఇవ్వకండి. అక్కడ ఎక్కువగా ఉన్నవి ఆఫీసర్ల కాగితాలు. పంజాబ్ సిపాయిల రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో పెట్టారని విని ఆశపడకండి, అవి మొదటి యుద్ధానివి, మనవాళ్లవి కావు. యూనిట్ పేరు తేలాక మాత్రం లండన్‌కు విలువుంది. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ ఓ 172 అనే వరుసలో బర్మా వైపు పోరాడిన యూనిట్ల వార్ డైరీలున్నాయి. వాటిలో సిపాయి పేరు దొరకడం అరుదు. అయినా ఆ యూనిట్ ఏ రోజు ఎక్కడుందో, ఏ నది దాటిందో తెలుస్తుంది. నా చేతిలో ఇప్పుడు తాతయ్య యూనిట్ పేరుంది, చేరిన తేదీ ఉంది. ఆ డైరీల్లో మూడు నెలల పేజీల నకళ్లకు ఎంతవుతుందో అడుగుతూ నిన్ననే మెయిల్ పెట్టాను.