పాత డిజైర్ డీజిల్ (2012–2017): కొన్న రేటు మీద ఇంకెంత పెట్టాలి?

రెండో తరం డిజైర్ డీజిల్ ఏ ఊళ్లో చూసినా కార్ కన్సల్టెన్సీల ముందు నిలబడి ఉంటుంది, ఎక్కువ రోజులు ఆగదు కూడా. కారణం తెలిసిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొల్యూషన్ నిబంధనలు రావడంతోనే మారుతి డీజిల్ ఇంజిన్లకు మంగళం పాడింది. లీటరుకు ఊళ్లో 17, హైవే మీద 22 కి.మీ. దాకా ఇచ్చే సెడాన్ తక్కువలో కావాలంటే ఈ పాత బండే దిక్కు. అమ్మేవాళ్లూ మైలేజీ మాటే చెప్పి బేరం ముగిస్తారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. లక్షన్నర కి.మీ. తిరిగిన డిజైర్‌ను కొన్నాక ఏడాదిలోపు దారికి తెచ్చుకోవడానికి మామూలుగా 40 నుంచి 70 వేలు అవుతుంది. ఇంజిన్‌లోని టైమింగ్ చైన్, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు రెండూ ఒకేసారి పాడైతే లక్ష దగ్గరికి పోతుంది.

ఇక్కడ ఇచ్చిన రేట్లు బయటి షెడ్డులో, ఒరిజినల్ లేదా పేరున్న కంపెనీ సామాను వేయిస్తే సుమారుగా అయ్యేవి. ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్తే లేబర్ బాగా పెరుగుతుంది, బిల్లు మీద జీఎస్టీ సరేసరి.

ఇంజిన్ ఫియట్ నుంచి వచ్చింది: 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్. ఇదే ఇంజిన్ స్విఫ్ట్, రిట్జ్‌లతో పాటు టాటా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియాల్లో కూడా తిరిగింది. అందుకే విజయవాడ ఆటోనగర్‌లోనే కాదు, మండల కేంద్రంలో కూడా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. సామాన్ల కొరతా లేదు. అయితే ఇంజిన్ ఒకటే కదా అని టాటా బండిది తెచ్చి దీనికి వేస్తామంటే ఒప్పుకోవద్దు. పైపులు, సెన్సర్లు, వైరింగ్ సాకెట్లు బండి నుంచి బండికి మారతాయి. ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించుకోవడమే మంచిది.

పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు తెరిచి మూసేలా చూసే టైమింగ్ బెల్ట్ ఈ ఇంజిన్‌కు ఉండదు, దాని బదులు చైన్ ఉంటుంది. చైన్ అంటే జీవితాంతం మార్చే పని లేదని చాలామంది నమ్మకం. లెక్కప్రకారం ఆయిల్ మార్చిన బండికి అది చాలావరకు నిజమే, రెండు లక్షల కి.మీ. దాటినా చైన్ జోలికి పోనివి ఉన్నాయి. గొడవంతా ఆయిల్ దగ్గరే. ఈ ఇంజిన్‌లో పట్టేది సుమారు 3 లీటర్లు, అంతే. అందులో అర లీటరు తగ్గినా తేడా తెలుస్తుంది. చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ప్రతి 10,000 కి.మీ.కు మార్చాల్సిన ఆయిల్‌ను 15, 20 వేల దాకా లాగితే మసి పట్టి చిక్కబడుతుంది, టెన్షనర్ సరిగ్గా తోయదు, చైన్ సాగుతుంది, గైడ్లు అరుగుతాయి. చివరికి ఒకరోజు చైన్ పళ్ల చక్రం మీద ఒక పన్ను జారిందా, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అదృష్టం బాగుంటే వాల్వులను నొక్కే రాకర్లు విరిగి అక్కడితో ఆగుతుంది. లేదంటే హెడ్ దించాలి, అప్పుడు బిల్లు 35 వేల నుంచి మొదలవుతుంది.

కాబట్టి కొనే ముందు చూడాల్సిన మొట్టమొదటిది ఉదయం పూట చల్లటి ఇంజిన్ స్టార్టింగ్. మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి సిద్ధంగా ఉంచితే అనుమానించండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలిసిపోతుంది. వేడిగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి బండికి తాళం తిప్పి, డాష్‌బోర్డు మీది గ్లో లైట్ ఆరాక సెల్ఫ్ కొట్టండి. డ్రైవర్ వైపు, అంటే ఇంజిన్ కుడి చివర నుంచి గలగలమని చప్పుడు సెకను, రెండు సెకన్లు వచ్చి ఆగిపోతే పెద్దగా భయం లేదు, టెన్షనర్‌లోకి ఆయిల్ చేరేదాకా వచ్చే శబ్దమది. ఐదు సెకన్లు దాటినా గలగల తగ్గకపోతే, లేదా ఐడ్లింగ్‌లో రేస్ ఇచ్చి వదిలినప్పుడల్లా వినిపిస్తే చైన్ కిట్ ఖర్చు మీ నెత్తినే అనుకోండి.

చైన్ కిట్ అంటే చైన్ ఒక్కటే కాదు. టెన్షనర్, గైడ్లు, పైనా కిందా పళ్ల చక్రాలు, క్రాంక్ ఆయిల్ సీల్, అన్నీ కలిపి మార్చాలి. పాత చక్రం మీద కొత్త చైన్ వేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే చప్పుడు. కిట్ 8 నుంచి 12 వేలు, లేబర్ 4 నుంచి 6 వేలు, ఆయిల్, ఫిల్టర్ అదనం. పని ఒకటిన్నర రోజు పడుతుంది, ఎందుకంటే ఇంజిన్ మౌంటింగ్ విప్పి, సంప్ దించి, ముందు కవర్ తీయాలి. ఇక్కడ మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. క్రాంకు, క్యాము కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు ఉన్నాయా? పెయింట్ మార్కులు పెట్టుకుని అంచనాతో బిగించేవాళ్లకు ఈ ఇంజిన్ ఇవ్వకూడదు. రెండోది, కవర్‌కు సిలికాన్ పేస్ట్ ఎంత పూస్తున్నాడన్నది. ఎక్కువైతే లోపలికి పిండుకొచ్చిన ముక్కలు సంప్‌లోని స్ట్రెయినర్ జాలీకి అడ్డం పడతాయి. ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కొత్త చైన్‌తో పాటు బేరింగులు కూడా పోతాయి.

ఇంకో జాగ్రత్త చాలామందికి తెలియదు. ఏటవాలు మీద గేరులో వేసి హ్యాండ్‌బ్రేక్ వేయకుండా వదిలేస్తే బండి బరువుకు ఇంజిన్ కొద్దిగా వెనక్కి తిరగొచ్చు. ఆపిన ఇంజిన్‌లో టెన్షనర్‌కు ఆయిల్ ప్రెషర్ ఉండదు కాబట్టి వదులైన చైన్ పన్ను జారేది చాలాసార్లు అప్పుడే. 

చైన్ తర్వాత ఎక్కువ డబ్బు తినేవి ఇంజెక్టర్లు. మామూలుగా లక్షా 20 వేల నుంచి లక్షా 80 వేల కి.మీ. మధ్య వేషాలు మొదలుపెడతాయి. ఉదయం రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోకపోవడం, ఐడ్లింగ్‌లో బండి ఊగడం, పికప్ ఇచ్చినప్పుడు నల్ల పొగ, మైలేజీ 14కు పడిపోవడం దీని లక్షణాలు. స్కానర్ పెట్టి ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు చూడమనండి, నాలుగింటిలో ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే దొంగ దొరికినట్టే. స్కానర్ లేకపోయినా పాత పద్ధతి ఉంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, సమానమైన నాలుగు చిన్న సీసాల్లోకి వదిలి, ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో నడపాలి. ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల లీకవుతున్నట్టు. పది నిమిషాల పని, నూరు రూపాయల ఖర్చు కూడా కాదు. అయినా ఇది చేయకుండానే నాలుగూ మార్చమనే షెడ్లు ఉన్నాయి.

పోయినదొక్కటే సర్వీస్ చేయిస్తే 2,500 నుంచి 4,000. కొత్తది ఒక్కోటి 12 వేల పైమాటే. మార్చినప్పుడు ఇంజెక్టర్ మీదున్న కోడ్ ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌లో) ఎక్కించాలి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ వేసినా ఇంజిన్ వణుకుతూనే ఉంటుంది. ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ లీకైతే బానెట్ ఎత్తగానే చఫ్ చఫ్ మని గాలి కొట్టే శబ్దం వినిపిస్తుంది, చుట్టూ తారులా నల్లగా గట్టిపడి ఉంటుంది. మొదట్లో చూసుకుంటే వాషర్ ఖరీదు పదుల్లోనే. ఏళ్ల తరబడి వదిలేస్తే ఇంజెక్టర్ హెడ్‌లో అతుక్కుపోతుంది, దాన్ని బయటికి లాగడానికే వేలు అవుతాయి. ఈ నలుపు మీద డీజిల్ పోసి కడిగి, మెరిసేలా చేసి అమ్మకానికి పెట్టడం మామూలే. ఇంజిన్ మరీ తళతళలాడుతుంటే సంతోషించకండి.

ఉదయం స్టార్టై వెంటనే ఆగిపోతే మాత్రం ఇంజెక్టర్ల మీదకు పోవద్దు. ముందు డీజిల్ ఫిల్టర్, దాని పైపుల క్లిప్పులు చూడాలి. ఎక్కడో సన్నగా గాలి పీలుస్తుంటే రాత్రంతా నిలిపాక లైనులో డీజిల్ వెనక్కి జారుతుంది. ఫిల్టర్ 20 వేల కి.మీ.కు ఒకసారి మార్చి, మధ్యలో నీళ్లు దింపేస్తుంటే పంపు, ఇంజెక్టర్లు రెండూ బతుకుతాయి.

టర్బో విషయంలో ఈ బండి నయమే. 90 పీఎస్ ఎర్టిగా, సియాజ్‌లలో ఉండే వేరియబుల్ టర్బో కాదిది, మామూలు వేస్ట్‌గేట్ టర్బో, చెడిపోవడానికి భాగాలు తక్కువ. ఇంటర్‌కూలర్ పైపులో పల్చగా ఆయిల్ తడి ఉండటం సహజం. పైపు విప్పితే ఆయిల్ కారిందంటే, నీలిపొగతో పాటు అంబులెన్స్ సైరన్‌లా కూత పెడుతుంటే, టర్బో పోయినట్టే. కోర్ ఒక్కటే మారిస్తే 9 నుంచి 13 వేలు, కొత్త టర్బో 25 వేల పైన. ఏది వేసినా టర్బోకు ఆయిల్ తెచ్చే సన్నటి పైపును కూడా మార్పించాలి. అందులో మసి పేరుకుంటే కొత్త టర్బో కూడా ఎండిపోయి నెలల్లోనే పోతుంది. ‘వేసిన టర్బో నాసిరకం’ అన్న తిట్లలో సగం నిజానికి ఈ పైపుకు చెందాల్సినవి. పికప్ మందగించి, కూత లేకుండా బుస్సుమని గాలి పోతుంటే ఇంటర్‌కూలర్ రబ్బరు పైపు చిట్లి ఉంటుంది. అది 1,500 లోపు పని.

పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు ఊళ్లో తిరిగే ప్రతి బండిలోనూ మసి పడుతుంది. 60, 70 వేల కి.మీ.కోసారి విప్పి క్లీనర్‌తో కడిగి, కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే 1,000 నుంచి 1,500. దానికి రేకు అడ్డం పెట్టి మూసేయడం కొందరు మెకానిక్‌ల అలవాటు. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, లైట్ రాకుండా ఈసీయూలో గెలికితే తర్వాతి మెకానిక్‌కు అసలు లోపం కనబడదు. పొల్యూషన్ నిబంధనలకూ అది విరుద్ధమే.

కూలెంట్ లీకులు థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర, వాటర్ పంపు దగ్గర వస్తాయి. తగ్గిన ప్రతిసారీ మామూలు నీళ్లు పోసిన బండైతే రిజర్వాయర్ లోపల తుప్పు రంగు కనిపిస్తుంది. అటువంటిదానికి రేడియేటర్ కూడా లెక్కలో వేసుకోండి, మొత్తం 6 నుంచి 9 వేలు. రిజర్వాయర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, నూనె తెట్టె తేలుతున్నా బేరమే వద్దు.

క్లచ్ లక్ష కి.మీ. దాటాక ఎప్పుడైనా మార్చమని అడుగుతుంది. నాలుగో గేరులో 40 మీద ఉండగా ఒక్కసారి తొక్కి చూడండి. ఆర్‌పీఎం ఎగిరి స్పీడు పెరగకపోతే ప్లేటు అరిగింది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కలిపి 9 నుంచి 12 వేలు. న్యూట్రల్‌లో వచ్చే గుంయ్ శబ్దం క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ బేరింగ్. గేర్‌బాక్స్ దించాలి కాబట్టి క్లచ్ పనితోనే కలిపి చేయించుకుంటే ఒక లేబర్ మిగులుతుంది.

సస్పెన్షన్‌కు పెద్దగా భయపడక్కర్లేదు, అన్నీ చవక. గుంతల్లో టకటక అంటే ముందు లింక్ రాడ్లు (జత 1,200 దాకా), స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు దబ్బుమంటే లోయర్ ఆర్మ్ బుష్షులు లేదా స్ట్రట్ మౌంటింగులు. ముందంతా ఒకేసారి తయారు చేయిస్తే షాకబ్జార్బర్లతో సహా 12 నుంచి 15 వేలు. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు ఒక పక్కగా గీరుకుపోతాయి. టైరు సైజు వీడీఐ వేరియంట్‌కు 165/80 ఆర్14, జడ్‌డీఐ వేరియంట్‌కు 185/65 ఆర్15. నాలుగూ 16 నుంచి 22 వేలు. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. ‘1819’ అంటే 2019లో 18వ వారం. నల్ల పాలిష్ కొట్టిన టైరు వయసు అక్కడ దాగదు.

ఏసీ మన ఎండల్లో తప్పనిసరి పరీక్ష. మధ్యాహ్నం పూట, బండి నిలబెట్టి, ఏసీని పది నిమిషాలు నడపండి. పరుగులో చల్లగా ఉండి, నిలిపినప్పుడు వేడి గాలి వస్తే లోపం ఫ్యానుదో, కండెన్సర్‌దో. ‘గ్యాస్ కొట్టిస్తే సరిపోతుంది’ అని అమ్మేవాడు అంటే, ఆ గ్యాస్ ఎటు పోయిందో ముందు అడగాలి. డాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ మార్చడానికి 7 నుంచి 9 వేలు, కంప్రెసర్ అయితే 15 వేలు దాటుతుంది.

కాగితాల దగ్గర రెండు మెలికలు. ఒకటి, డిజైర్ టాక్సీగా విపరీతంగా తిరిగిన బండి. ఎల్లో బోర్డు నుంచి సొంత బండిగా మార్చినవి ఉంటాయి. మీటరు 90 వేలు చూపిస్తూ స్టీరింగ్, గేర్ నాబ్, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు మాట నమ్మకండి, ఆర్‌సీ పాత చరిత్ర తీయించండి. రెండోది ఢిల్లీ నుంచి వచ్చే బండ్లు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు నడవడంతో తక్కువకు దొరుకుతూ వచ్చాయి. ఎన్ఓసీ, ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ మార్పు కలిపితే ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. ఆంధ్ర, తెలంగాణ మధ్య మారే బండికీ ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. 2012 బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి, ఆపైన రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చులుంటాయి. అందుకే 2012, 2013 మోడళ్లకు ఎక్కువ పెట్టడం దండగ. సర్వీస్ బిల్లులున్న 2015, 2016 బండికి 40, 50 వేలు ఎక్కువైనా అదే తీసుకోవాలి.

2016లో వచ్చిన ఏజీఎస్ ఆటోమేటిక్ మాత్రం ఊళ్లో కంపెనీ సర్వీస్ అందుబాటులో ఉంటేనే చూడండి. లోపలున్నది మామూలు క్లచ్, గేర్‌బాక్సే. పైన కూర్చున్న హైడ్రాలిక్ యాక్చుయేటర్ మొరాయిస్తే రిపేర్ 20 వేలకు తక్కువ కాదు, దాన్ని స్కానర్‌తో సెట్ చేయగల షెడ్లు జిల్లా కేంద్రాల్లో కూడా కొన్నే ఉన్నాయి.