ఔట్‌లుక్ ఫోల్డర్ ఐకాన్ మాక్రో: బాగుంది కానీ, మూసి తెరిస్తే మళ్లీ మొదటికే

ఔట్‌లుక్‌లో మాక్రోలు, అంటే చిన్న ప్రోగ్రాములు, రాసుకునే భాష వీబీఏ. అందులో ఫోల్డర్ గుర్తు మార్చే సెట్‌కస్టమ్‌ఐకాన్ అనే మెథడ్ (ఆదేశం) 2010 వెర్షన్ నుంచీ ఉంది. ఫోల్డర్ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని, ఫైల్ చదివే లోడ్‌పిక్చర్‌తో బొమ్మ తెచ్చి దీనికి అప్పజెబితే, మామూలు ఫోల్డర్ గుర్తు పోయి మన బొమ్మ వస్తుంది. పనిలో అసలు లోపం లేదు. గొడవంతా ఒకచోటే: పెట్టిన ఐకాన్ ఆ సెషన్‌కే. ఔట్‌లుక్ మూసి తెరిస్తే మాయం. ఇది బగ్ కూడా కాదు, అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట రాసి ఉంది. ప్రతిసారీ తెరుచుకోగానే మళ్లీ పెట్టుకోవడం కోడ్ బాధ్యతేనట. ఒక్కసారి పెట్టి మర్చిపోవాల్సిన అలంకారం కాస్తా, రోజూ నడవాల్సిన స్టార్టప్ స్క్రిప్ట్ అయి కూర్చుంది.

అందుకే కోడ్‌ని థిస్‌ఔట్‌లుక్‌సెషన్ అనే మాడ్యూల్‌లో, ఔట్‌లుక్ తెరుచుకోగానే నడిచే అప్లికేషన్ స్టార్టప్ ఈవెంట్ నుంచి పిలవాలి. అసలు పని మాత్రం వేరే మాడ్యూల్‌లో విడి సబ్‌గా (పేరు పెట్టి పిలవగల కోడ్ ముక్కగా) రాసి, దానికి క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో ఒక బటన్ పెట్టుకోండి. షేర్డ్ మెయిల్‌బాక్స్‌లు ఒక్కోసారి ఆలస్యంగా లోడవుతాయి, అప్పుడు ఆ బటనే దిక్కు. ఎక్సెల్ మాక్రో నుంచో పవర్‌షెల్ నుంచో నడిపిద్దామంటే కుదరదు. పిక్చర్ ఆబ్జెక్ట్ ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నుంచి ఇంకో ప్రాసెస్‌కి దాటదు, ఎర్రర్ వస్తుంది.

ఇక అసలు తలనొప్పి. ఈ పనికి రాసే కోడ్‌లో పైన ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’, అంటే ఎర్రర్ వచ్చినా వదిలేసి తర్వాతి లైన్‌కి వెళ్లమనే లైన్, పెట్టడం మామూలే. కారణం సబబుగానే కనిపిస్తుంది. ఒక ఫోల్డర్ పేరు మారితే -2147221233 ఎర్రర్, అంటే ఆబ్జెక్ట్ దొరకలేదని వచ్చి, మిగతా ఫోల్డర్లన్నీ ఐకాన్ లేకుండా ఆగిపోతాయి. ఆ లైన్ పెడితే ఆగదు. ఆగకపోవడమే ప్రమాదం. ఇన్వాయిసెస్, కాంట్రాక్ట్స్, ట్రావెల్ అని మూడు ఫోల్డర్లున్నాయనుకోండి. ఎవరో కాంట్రాక్ట్స్ పేరు మార్చారు. దాన్ని వెతికే లైన్ విఫలమవుతుంది, కానీ ఫోల్డర్‌ని పట్టి ఉంచే వేరియబుల్ ఖాళీ అవదు, అందులో ఇంకా ఇన్వాయిసెస్ ఫోల్డరే ఉంటుంది. కింది లైన్ వచ్చి కాంట్రాక్ట్స్ ఐకాన్‌ని తీసుకెళ్లి ఇన్వాయిసెస్‌కి తగిలిస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. మెయిల్ మాత్రం బొమ్మ చూసి తప్పు ఫోల్డర్‌లోకి లాగేస్తాం. బొమ్మ వేరియబుల్‌ది కూడా ఇదే కథ: ఐకాన్ ఫైల్ తెరుచుకోకపోతే పాత బొమ్మే రెండో ఫోల్డర్‌కీ అతుక్కుంటుంది.

వేరియబుల్‌ని ప్రకటించే డిమ్ లైన్‌ని, ఫోల్డర్లని ఒక్కొక్కటిగా తిప్పే లూప్ లోపలికి జరిపితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. వీబీఏలో లూప్ తిరిగినప్పుడల్లా డిమ్ వేరియబుల్‌ని కొత్తగా చేయదు. రెండు దారులున్నాయి. ప్రతి చుట్టు మొదట్లో ఫోల్డర్, బొమ్మ రెండింటినీ ‘సెట్ నథింగ్’ (ఖాళీ) చేయడం ఒకటి. నాకు నచ్చింది రెండోది: ఫోల్డర్ పేరు, ఫైల్ దారి తీసుకునే చిన్న సబ్ రాసి, ఫోల్డర్‌కి ఒకసారి చొప్పున పిలవడం. లోకల్ వేరియబుల్స్ కాబట్టి పిలిచిన ప్రతిసారీ నథింగ్‌తోనే మొదలవుతాయి. రెండింట్లో ఏది నథింగ్‌గా మిగిలినా ఐకాన్ పెట్టకుండా, ఆ పేరుని డీబగ్ ప్రింట్‌తో వీబీఏ ఎడిటర్‌లోని ఇమీడియట్ విండోలో రాసి బయటికి రావాలి.

పేరుకి బదులు ఎంట్రీ ఐడీ (ఫోల్డర్ గుర్తింపు కోడ్), స్టోర్ ఐడీ (అది ఉన్న మెయిల్‌బాక్స్ గుర్తింపు కోడ్) దాచుకుని గెట్‌ఫోల్డర్‌ఫ్రమ్‌ఐడీతో తెస్తే పేరు మారినా ఫరవాలేదు. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇది మరీ అవసరం. వీబీఏ ఎడిటర్ యూనికోడ్ ఎరగదు, కోట్స్ మధ్య తెలుగు అతికిస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. కోడ్ నంబర్‌ని అక్షరంగా మార్చే సీహెచ్ఆర్‌డబ్ల్యూతో అక్షరానికో కోడ్ కూర్చవచ్చు, అయితే ‘బిల్లులు’ అన్న ఒక్క మాటకే 8 కోడ్‌లు కావాలి. ఐకాన్ ఫైళ్ల దారి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచండి.

బొమ్మ విషయంలో, లోడ్‌పిక్చర్‌కి పీఎన్‌జీ పనికిరాదు, 481 ఎర్రర్ వస్తుంది. ఐకాన్‌ల కోసమే ఉన్న ఐసీఓ ఫైలే అయినా లోపల పీఎన్‌జీగా కుదించిన 256 పిక్సెళ్ల పొర ఉంటే అదే గతి పట్టవచ్చు. ఒక ఫైల్‌లో ఒక్క సైజే ఉంచడం మేలు. ఒప్పుకునేవి 16, 24, 32 పిక్సెళ్లు, మిగతావి తిప్పికొడుతుంది. బీఎంపీ కూడా పడుతుంది గానీ పారదర్శకత లేక, డార్క్ థీమ్‌లో బొమ్మ చుట్టూ తెల్ల డబ్బా కనిపిస్తుంది.

బాగుందని పైన అన్నమాట ఇక్కడ కాస్త తగ్గించుకోవాలి. స్క్రీన్ స్కేలింగ్ 100 శాతంలో 16, 150లో 24, 200లో 32 చక్కగా సరిపోతాయి. 125 శాతంలో కావాల్సింది 20, అది ఒప్పుకోరు, కాబట్టి అంచులు కొద్దిగా అలుక్కుపోతాయి. పైగా ఇన్‌బాక్స్, సెంట్, డ్రాఫ్ట్స్ లాంటి డీఫాల్ట్ ఫోల్డర్లని ముట్టుకోనివ్వదు. వాటి కింద మనం చేసుకున్నవాటికే ఈ వైభోగం.

ఊహించని లాభం సెర్చ్ ఫోల్డర్లది, అంటే ఒక షరతుకి సరిపోయే మెయిళ్లని ఒకచోట చూపే జాబితాలది. మెయిల్‌బాక్స్‌ని సూచించే స్టోర్ ఆబ్జెక్ట్ మీద గెట్‌సెర్చ్‌ఫోల్డర్స్ పిలిస్తే వరసగా దొరుకుతాయి, వాటికీ ఐకాన్ పడుతుంది. అన్నీ ఒకే గుర్తుతో వేలాడే ఆ జాబితాలో ‘జవాబివ్వాల్సినవి’ ఒక్కటి ఎర్రగా కనిపించడం కంటికి ఎంత హాయో. నా మటుకు ఈ మాక్రోని ఉంచుకోవడానికి అసలు కారణం ఇదే.

మాక్రో సెక్యూరిటీని ‘అన్నీ అనుమతించు’కి దించకండి. సెల్ఫ్‌సర్ట్ అనే టూల్‌తో సొంత సర్టిఫికెట్ చేసి ప్రాజెక్ట్‌ని సైన్ చేస్తే సంతకం ఉన్న మాక్రోలకే తలుపు తెరుచుకుంటుంది. కోడ్ అంతా యాప్‌డేటా రోమింగ్‌లోని ఔట్‌లుక్ ఫోల్డర్‌లో వీబీఏప్రాజెక్ట్.ఓటీఎం అనే ఒక్క ఫైల్‌లో ఉంటుంది, దానికో కాపీ తీసి పెట్టుకోండి.

క్లాసిక్ ఔట్‌లుక్ (విండోస్‌లోని పాత డెస్క్‌టాప్ యాప్), ఒకే కంప్యూటర్, మాక్రోలకి అనుమతి, పదీ పదిహేను ఫోల్డర్లు: మీ పరిస్థితి ఇదైతే ఓ సాయంత్రం కూర్చుని చేసుకోవచ్చు, నాకైతే కుదిరింది. మెయిల్ ఎక్కువగా ఫోన్లోనో బ్రౌజర్లోనో చూసేవాళ్లకి ఇది దండగ, ఆ ఐకాన్ అక్కడికి రాదు. వాళ్లు ఫోల్డర్ పేరు ముందు ఒక ఎమోజీ పెట్టుకుంటే పేరుతోపాటే అంతటా కనిపిస్తుంది, అక్షర క్రమం మాత్రం అటూఇటూ అవుతుంది. కొత్త ఔట్‌లుక్‌లోకి త్వరలో మారబోతున్నవాళ్లయితే మొదలెట్టకపోవడమే నయం. అందులో వీబీఏనే లేదు.