పిరమిడ్‌కి రాయి మేలా, పచ్చి ఇటుక మేలా?

పిరమిడ్ అనగానే రాయే గుర్తొస్తుంది. కానీ పచ్చి ఇటుకతో కట్టించుకున్న ఈజిప్టు రాజులూ ఉన్నారు. గీజాలో ఖూఫూ రాతి పిరమిడ్ లేచిన ఏడు వందల ఏళ్లకు మూడో అమెనెమ్‌హాత్ దహ్‌షూర్‌లో ఇటుక పిరమిడ్ మొదలుపెట్టాడు.

శ్రమ లెక్క చూస్తే ఇటుకకు పోటీయే లేదు. నైలు ఒండ్రుమట్టిలో నీళ్లు, తరిగిన గడ్డి కలిపి తొక్కాలి. చెక్క అచ్చులో కూరి, అచ్చు పైకి లాగేసి ఎండకు వదిలేయాలి. బట్టీ పెట్టక్కర్లేదు. రాజుల మేడలు కూడా ఈ ఇటుకలవే.

రాయి అలా కాదు. ఖూఫూ పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్లు, ఒక్కోటి సగటున రెండున్నర టన్నులు. లోపలి సున్నపురాయి గీజాలోనే తవ్వారు, అంతవరకు నయం. పైన తొడిగిన తెల్లరాయి నైలు అవతల తూరా నుంచి రావాలి, రాజు గదికి గ్రానైటు 800 కిలోమీటర్ల అవతల అస్వాన్ నుంచి రావాలి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాడీ అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్ (రెల్లు కాగితం) ముక్కల్లో మెరెర్ అనే అధికారి రాసుకున్న పనుల లెక్క ఉంది. నలభై మందితో తూరాలో రాయి ఎక్కించడం, గీజాలో దించడం, మళ్లీ ఖాళీ పడవతో వెనక్కి. పది రోజులకు రెండు మూడు ట్రిప్పులు. సున్నపురాయికి రాగి ఉలి సరిపోతుంది. గ్రానైటును మాత్రం డోలరైట్ అనే గట్టిరాతి గుండ్లతో కొట్టి కొట్టి పొడి రాల్చాల్సిందే.

అయినా నా ఓటు రాయికే. దహ్‌షూర్ పిరమిడ్ మెత్తటి నేల మీద కూర్చుంది, అడుగున బోలెడు గదులు. కట్టేటప్పుడే పగుళ్లు మొదలయ్యాయి. తర్వాతి కాలంలో పైనున్న తెల్లరాయి పీకేసుకుపోయాక ఇటుక కరిగి నల్లటి దిబ్బయింది. ఖూఫూ పిరమిడ్ తొడుగునూ అలాగే ఊడదీశారు, కానీ 146 మీటర్లది ఇంకా 138 మీటర్లు నిలబడే ఉంది.

తప్పంతా ఇటుకదే అనలేం. అంతకుముందే రెండో సెనుస్రెత్ లాహూన్‌లో రాతి గోడలు అస్థిపంజరంలా కట్టి, వాటి మధ్య ఇటుక నింపాడు. అమెనెమ్‌హాత్ కూడా హవారాలో రెండోది ఇటుకతోనే కట్టాడు, కాకపోతే వాలు 57 డిగ్రీల నుంచి 48కి తగ్గించాడు. తాను పడుకునే గదికి మాత్రం వంద టన్నులు దాటిన ఒకే క్వార్ట్‌జైట్ రాతిని తొలిపించాడు.

దొంగల దగ్గర రెండూ ఓడిపోయాయి. ఖూఫూ గదిలో మిగిలింది మూత లేని గ్రానైటు పెట్టె. హవారాలో 1889లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ నీళ్లు నిండిన గదిలోకి దిగేసరికి, దొంగలు ఎప్పుడో వచ్చి వెళ్లిపోయారు.